టికెట్ మీద ఎవరి నంబరు?

కోనసీమ గల్ఫ్ ప్రయాణికులకు విమానాశ్రయాల్లో ఎదురవుతున్నవి, చట్టం వారికి ఇచ్చినవి

విమాన ప్రయాణికుడంటే ఎవరన్న ప్రశ్నకు చట్టం దగ్గర సూటి జవాబు ఉంది. టికెట్ మీద ఎవరి పేరుంటే వారే ప్రయాణికులు. విమాన సంస్థ మాట ఇచ్చింది వారికే, మాట తప్పితే జవాబు చెప్పుకోవలసిందీ వారికే. అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల ఊళ్ల నుంచి కువైట్, మస్కట్, దోహా, దుబాయ్‌లకు ఇంటిపనికీ డ్రైవరు పనికీ వెళ్లేవారి విషయంలో మాత్రం ఈ జవాబు సగమే నిజమవుతోంది. పేరు వారిదే అయినా, ఆ టికెట్ కొన్నదీ, కొనేటప్పుడు ఫోన్ నంబరూ ఈమెయిలూ రాయించిందీ, ఏ విమానాశ్రయం నుంచి ఏ వేళకు బయలుదేరాలో తేల్చిందీ సాధారణంగా ఏజెంటే కావడం వల్ల, సంస్థ చెప్పదలచుకున్న మాట ఏదైనా ఆ ఏజెంటు ఫోన్‌కు చేరి అక్కడే ఆగిపోతోంది. గల్ఫ్ ప్రయాణికులు విమానాశ్రయాల్లో పడే అగచాట్లలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉందన్నది ఈ కథనం చెప్పదలచిన మాట.

రెండు గన్నవరాలు

కోనసీమవాసికి విమాన ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఒదిగి ఉన్న ఈ సీమ 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది గాని, జిల్లా కేంద్రమైన అమలాపురానికి రైలు కల ఇంకా తీరలేదు. 2000–01 బడ్జెట్‌లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం నదుల మీద స్తంభాల దశలోనే ఏళ్లకు ఏళ్లు గడిపింది. అంబాజీపేట నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం చేరి జాతీయ రహదారి ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. గౌతమి వంతెన దాటితే రాజమహేంద్రవరం, ఆ పైన మధురపూడి విమానాశ్రయం వస్తాయి. వసిష్ఠ వంతెన దాటి సిద్ధాంతం, తణుకు, ఏలూరు మీదుగా సాగిపోతే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం వస్తుంది. వైనతేయ మీద అక్విడక్టు ఉన్న పి.గన్నవరం అంబాజీపేటకు పక్కనే ఉండడం వల్ల, ఈ ప్రాంతంలో గన్నవరం నుంచి ఫ్లైట్ అన్నవారు ఏ గన్నవరమో కూడా చెప్పవలసి వస్తుంది.

దగ్గరగా ఉన్న మధురపూడికి 2012లో కొత్త టెర్మినల్ వచ్చింది. 1,749 మీటర్ల రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. అయినా గల్ఫ్‌కు వెళ్లవలసినవారికి అది తొలి మెట్టు మాత్రమే, ఎందుకంటే అక్కడ ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలతో నడిచే విదేశీ సర్వీసులు లేవు. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదాకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం లభించింది. 2018 డిసెంబరు 4న సింగపూర్‌కు తొలి విదేశీ విమానం ఎగిరి, ఏడాది తిరగకుండానే ఆగిపోయింది. 2022 అక్టోబరు 31న షార్జాకు సర్వీసు మొదలైంది. హోదా రావడం వేరు, రోజూ విమానం రావడం వేరు అన్న సంగతిని ఈ తేదీలే చెబుతున్నాయి. అందుకే కోనసీమ గల్ఫ్ ప్రయాణికుల్లో ఎక్కువమందికి విమానాశ్రయం అంటే నేటికీ శంషాబాదే. సాయంత్రం అమలాపురంలో బస్సెక్కి రాత్రంతా ప్రయాణించి, తెల్లవారాక హైదరాబాదు చేరి, ఆ పైన పగలంతా ఎక్కడో ఒకచోట కాలక్షేపం చేసి, అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానం కోసం చెకిన్ కౌంటరు ముందు నిలబడేసరికి ఆ మనిషి ఇల్లు వదిలి ఇరవై నాలుగు గంటలు దాటిపోతుంది. తక్కువ ధరకు దొరికిందని ఏజెంటు చెప్పే టికెట్ చాలాసార్లు ఇలాంటి వేళదే, లేదా ముంబైలోనో కొలంబోలోనో విమానం మారవలసినదే అయి ఉంటుంది. ధరలో మిగిలిన నాలుగు వేలూ, సాగనంపడానికి వచ్చిన ఇంటివాళ్ల కారు కిరాయికీ భోజనాలకూ దారిలోనే ఖర్చయిపోతాయి. ఈ లెక్క టికెట్ కొనే ముందు వేసుకునేవారు తక్కువ.

కోరంగి రేవు నుంచి

ఈ ప్రాంతానికి దూరదేశపు కూలి కొత్తది కాదు. గోదావరి జిల్లాల నుంచి బర్మాకు ఓడలెక్కిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలు అని పిలిచేవారు. గౌతమి సముద్రంలో కలిసే చోటికి చేరువలోని కోరంగి రేవు పేరే ఒక జాతి పేరైపోయింది. వారు డెక్ ప్రయాణికులు, అంటే గది గాని పరుపు గాని లేకుండా ఓడ పైభాగంలో ఎండావానల మధ్య ప్రయాణించే టికెట్ కొన్నవారు. ఆనాడు ఓడ టికెట్ ఇప్పించి, ఆ ఖర్చును కూలిలోంచి విరగ్గోసుకునే మేస్త్రీ ఉండేవాడు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టుకొచ్చినప్పుడు కడప జిల్లాతో పాటు గోదావరి జిల్లాల నుంచి కూడా జనం కువైట్ దారి పట్టారు. ఓడ పోయి విమానం వచ్చింది; మేస్త్రీ స్థానంలోకి ఏజెంటు వచ్చాడు. మధ్యవర్తి చేతిలోనే ప్రయాణం ఉండడం అన్నది మాత్రం మారలేదు.

కువైట్‌ను 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆక్రమించినప్పుడు, జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా పదకొండు వేలకు పైగా భారతీయులను తెచ్చింది. 2020 మే నెలలో, కొవిడ్ వేళ, ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు కువైట్ నుంచి గన్నవరానికే నేరుగా వచ్చాయి. ఆపద ముంచుకొచ్చినప్పుడు రాజ్యం ఇంత పని చేయగలదని ఈ రెండు ఘట్టాలూ నిరూపించాయి. మామూలు రోజుల్లో, మామూలు మనిషికి, మామూలు ఆలస్యం ఎదురైనప్పుడు ఏం జరుగుతుందన్నదే ఇక్కడి చర్చ.

ముద్ర ఉన్న పాస్‌పోర్టు

భారత వలస చట్టం 1983 నాటిది. దాని ప్రకారం పాస్‌పోర్టులు రెండు రకాలు. పదో తరగతి పాస్ కాని కార్మికుల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అన్న ముద్ర ఉంటుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వలస అనుమతి, తప్పనిసరి అని దాని అర్థం. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ఈ ముద్ర ఉన్నవారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి నుంచి ముందుగా అనుమతి పొందాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండి ఉండాలన్నది మరో నిబంధన. 2016 ఆగస్టు నుంచి ఇలాంటి స్త్రీలను ఎంపిక చేసి పంపే పనిని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ అలాంటిదే. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. దాని ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375.

కాగితం మీద ఇది రక్షణ కవచం. అయితే ఆ కవచం ఊళ్లో కాకుండా విమానాశ్రయం చివరి గేటు దగ్గర తొడిగే ఏర్పాటు కావడంతో, కాపాడవలసిన మనిషినే నిందితురాలిలా నిలబెట్టే పరిస్థితి వస్తోంది. అనుమతి రాని స్త్రీని విజిట్ వీసా మీద, అంటే చూసి రావడానికి ఇచ్చే వీసా మీద, ముందు దుబాయ్‌కో మస్కట్‌కో పంపి అక్కడి నుంచి మరో దేశం తరలించడం ఏజెంట్ల పాత పద్ధతి. ఎందుకు వెళ్తున్నావు, ఎవరింట్లో దిగుతావు, తిరుగు టికెట్ ఏదీ, చేతిలో డబ్బెంత అని ఇమిగ్రేషన్ అధికారి హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగినప్పుడు, ఏజెంటు బట్టీ పట్టించిన జవాబు సగంలో తెగిపోతుంది. అధికారికి అనుమానం వస్తే ప్రయాణం ఆపేస్తారు. దీన్నే ఆఫ్‌లోడ్ చేయడం అంటారు. విమానం వెళ్లిపోతుంది, అప్పు మిగులుతుంది. ఆపినందుకు అధికారిని తప్పుపట్టలేము, ఎందుకంటే ఆ దారిన వెళ్లినవారికి బీమా గాని, ఒప్పంద పత్రం గాని, రాయబార కార్యాలయం దగ్గర నమోదు గాని ఉండవు. తప్పు అంతకు ఎన్నో రోజుల ముందు, ఊళ్లో ఎవరూ ఆమెకు ఆ నిబంధనలు తెలుగులో విడమరిచి చెప్పకపోవడంలో ఉంది.

2014 మార్చికి ముందు దేశంలోకి వచ్చేటప్పుడూ, 2017 జూలైకి ముందు దేశం విడిచేటప్పుడూ భారతీయులు కూడా ఇమిగ్రేషన్ ఫారాలు నింపవలసి వచ్చేది. చదువు రాని స్త్రీలు పాస్‌పోర్టూ ఫారమూ చేత్తో పట్టుకుని, వరుసలో కాస్త చదువుకున్నట్టు కనిపించిన ప్రతివారినీ, ‘‘బాబుగారూ, ఈ కాయితం కాస్త నింపిపెట్టరా అండి’’ అని బతిమాలుకోవడం ఆనాటి విమానాశ్రయాల్లో నిత్య దృశ్యం. ఆ రెండు ఫారాల రద్దు వల్ల ఎక్కువ మేలు జరిగింది వీరికే. దానికి పూర్తి విరుద్ధమైన ఆలోచన 2018 జనవరిలో వచ్చింది. ఈసీఆర్ ముద్ర ఉన్నవారికి నారింజ రంగు అట్టతో పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. చదువు తక్కువన్న సంగతిని దూరం నుంచే అందరికీ కనబడేలా చేయడం అవమానమని నిరసనలు వెల్లువెత్తడంతో అదే నెల 30న ఉపసంహరించుకుంది. ఆ నిరసన న్యాయమైనది.

ఫిలిప్పీన్స్ చూపిన దారి, చూపిన గుంత

కువైట్ ఇళ్లలో కోనసీమ స్త్రీ పక్కనే పనిచేసే మరో స్త్రీ తరచుగా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినదై ఉంటుంది. అందువల్ల ఆ దేశం తన వలస కార్మికులను విమానాశ్రయంలో ఎలా చూసుకుంటోందో తెలుసుకోవడం ఇక్కడ అవసరం. అక్కడ వారిని ఓఎఫ్‌డబ్ల్యూలు అంటారు. విదేశాల్లో పనిచేసే ఫిలిపినో కార్మికులు అని దాని అర్థం. 1988లో నాటి అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో వారిని కొత్త వీరులు అని సంబోధించారు. 2021 డిసెంబరులో వారికోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖనే ఏర్పరిచే చట్టం వచ్చింది. వారికి ఓఈసీ అనే ఉద్యోగ ధ్రువపత్రం ఇస్తారు; అది చూపితే ప్రయాణ పన్ను నుంచీ టెర్మినల్ రుసుము నుంచీ మినహాయింపు లభిస్తుంది. మనీలా విమానాశ్రయంలో వారికోసం ప్రత్యేక విశ్రాంతి గదులు ఉన్నాయి. విమాన ప్రయాణికుల హక్కుల పత్రాన్ని ఆ దేశం 2012 డిసెంబరులో ప్రకటించింది. విమాన సంస్థ కారణంగా ఆరు గంటలు ఆలస్యమైతే ఆ విమానం రద్దయినట్టే లెక్కగట్టి, రద్దుకు వర్తించే హక్కులన్నీ ప్రయాణికుడికి ఇవ్వాలన్నది దానిలోని ముఖ్య నిబంధన.

అయితే అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవడం పొరపాటు. 2015లో మనీలా విమానాశ్రయంలో ప్రయాణికుల సామానులో తుపాకి గుండు దొరికిందని చెప్పి డబ్బు గుంజుతున్నారన్న ఆరోపణలు దేశాన్ని కుదిపేశాయి. తనిం బాలా, అంటే గుండు నాటడం, అని దానికి పేరు పడింది. జనం తమ పెట్టెలను ప్లాస్టిక్ చుట్టి, జేబులు కుట్టుకుని విమానాశ్రయానికి రాసాగారు. 2023 జనవరి 1న గగనతల నియంత్రణ కేంద్రంలో విద్యుత్ వ్యవస్థ దెబ్బతిని వందలాది విమానాలు నిలిచిపోయాయి. ఆఫ్‌లోడ్ అన్న మాట అక్కడ కూడా ఇంటింటి మాటే. 2022లో 32 వేలమందికి పైగా ప్రయాణికులను గేటు దగ్గర ఆపేశారనీ, వారిలో అక్రమ రవాణా బాధితులుగా గాని మోసపు నియామకాల బాధితులుగా గాని తేలినవారు 472 మందేననీ ఆ దేశ సెనేట్‌లో చర్చ జరిగింది. గేటు దగ్గర ఆపడమే రక్షణ అనుకునే విధానం ఎంతమంది నిర్దోషులను ఇబ్బంది పెడుతుందో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి నేర్చుకోవలసింది గేటు దగ్గరి నిఘాను కాదు. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణనూ, విమానాశ్రయంలో పలకరించి కూర్చోబెట్టే గదినీ.

కురిడీ కాయ, ఆవకాయ సీసా

కౌంటరు దగ్గర తూకం యంత్రం అన్నది గల్ఫ్ ప్రయాణంలో మరో ఘట్టం. టికెట్‌ను బట్టి పెద్ద సామాను ఇరవై, ఇరవై అయిదు, ముప్పై కిలోల వరకు, చేతి సంచి ఏడు కిలోల వరకు అనుమతిస్తారు. అంకె ఒక్క కిలో దాటగానే అట్టపెట్టెకు చుట్టిన నైలాన్ తాడు విప్పడం, నలుగురి ముందూ నేల మీద లుంగీలూ చీరలూ కారప్పొడి పొట్లాలూ పరచడం, ఏది వదలాలో తేల్చుకోలేక సాగనంపడానికి వచ్చినవారి కోసం అద్దాల బయటికి చూడడం జరుగుతాయి. ఆ వేళ వదిలేసేది ఎప్పుడూ తిండి పదార్థమే.

అంబాజీపేటవారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రాష్ట్రంలో కొబ్బరి ధర తెలుసుకోవాలంటే అంబాజీపేట మార్కెట్ వైపే చూస్తారు. ఇక్కడి కురిడీ కొబ్బరి అంటే కాయను అటక మీద నెలల తరబడి నిల్వ ఉంచి, లోపలి నీళ్లన్నీ ఇంకిపోయి, ఊపితే గుండు లొడలొడలాడే దాకా ఆరనిచ్చిన ఎండుకొబ్బరి. గండేరా, గటగటా అన్న రకాలుగా వెయ్యి కాయల లెక్కన అమ్ముడవుతుంది. ఈ ఊరి మనిషి విదేశంలోని తనవాళ్లకు పట్టుకెళ్లాలనుకునే తొలి వస్తువు ఇదే, విమానంలోకి రానివ్వని వస్తువుల్లో ఒకటీ ఇదే. ఎండుకొబ్బరిలో అరవై శాతానికి పైగా నూనె ఉంటుంది. గాలాడని చోట, వేడిలో, కాస్త తేమ తగిలితే అది తనంతట తానే వేడెక్కి రాజుకునే స్వభావం గలది కావడంతో, సరుకు రవాణా నియమాలు దాన్ని స్వయంగా వేడెక్కే పదార్థాల తరగతిలో చేర్చాయి. ఆ వర్గీకరణను బట్టే పౌర విమానయాన భద్రతా సంస్థ 2022 మార్చిలో పెద్ద సామానులో కూడా ఎండుకొబ్బరిని నిషేధించింది. చేతి సంచిలో కొబ్బరికాయకు ఉన్న అభ్యంతరాన్ని శబరిమల యాత్రికుల ఇరుముడి కోసం 2024 అక్టోబరులో కొంతకాలం సడలించారు గాని, ఆ సడలింపు ఎండుకొబ్బరికి వర్తించేది కాదు. నిషేధంలో న్యాయం ఉంది; కారణం చెప్పకుండా కాయలు లాక్కుని చెత్తబుట్టలో పడేయడంలో మాత్రం న్యాయం కనబడదు. కొబ్బరి గుట్టల మధ్య పుట్టి పెరిగినవారికి, గోదాములో కొబ్బరి ఎలా వేడెక్కుతుందో తెలిసినవారికి, ఆ ఒక్క వాక్యం చెబితే ఇట్టే అర్థమవుతుంది.

పచ్చళ్లది మరో కథ. ఆవకాయ, పండుమిరప పచ్చడి లాంటివి చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు. విదేశీ ప్రయాణంలో ద్రవమైనా ముద్దలా ఉండేదైనా చేతి సంచిలో వంద మిల్లీలీటర్లకు మించిన సీసా కుదరదు. నూనె కారకుండా బిగించి పెద్ద సామానులో పెట్టుకోవడమే దారి. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. పెద్ద సామానులో వేస్తే పొడి అయిపోతాయి కనుక చేతి సంచిలోనే పట్టుకెళ్లాలి. ఇక అసలు ప్రమాదం గసగసాలతో. మాంసం కూరలోకి, మసాలా ముద్దలోకి గోదావరి ఇళ్లలో విరివిగా వాడే గసగసాలు యూఏఈ, ఖతార్ లాంటి దేశాల్లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి; వాటితో దొరికితే జైలు పాలయ్యే అవకాశం ఉంది. కొన్ని నొప్పి మాత్రలకూ, కోడీన్ ఉన్న దగ్గు మందులకూ డాక్టరు చీటీయే కాక అక్కడి అనుమతి కూడా కావాలి. గుట్కా, ఖైనీ అసలే కుదరవు. ‘‘మావాడికి ఇచ్చెయ్యమ్మా’’ అని ఇరుగుపొరుగువారు బయలుదేరే వేళ చేతిలో పెట్టే పొట్లాన్ని విప్పి చూడకుండా సంచిలో వేసుకోవడం మర్యాద అనిపించుకోవచ్చు. విదేశీ కస్టమ్స్ అధికారి ముందు మాత్రం ఆ సంచిలో ఉన్న ప్రతి వస్తువుకూ దాన్ని మోసుకొచ్చినవారే బాధ్యులు.

ఆలస్యం, రద్దు, ఆ పది అంకెలు

విమాన సంస్థల బాధ్యతలను నిర్ణయించేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, జారీ చేసిన నియమావళి. మొదట 2010లో వచ్చి, ఆ తర్వాత సవరణలు పొందిన ఆ నియమాల ప్రకారం, వేళకు చెకిన్ చేసిన ప్రయాణికుడికి, రెండున్నర నుంచి అయిదు గంటల ప్రయాణమైతే మూడు గంటల ఆలస్యానికి భోజనం, ఫలహారం ఇవ్వాలి. శంషాబాదు నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాలు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. రాత్రి ఎనిమిదికీ తెల్లవారుజాము మూడింటికీ మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది చూపాలి. రాత్రి విమానాలే ఎక్కువగా ఎక్కే గల్ఫ్ ప్రయాణికుల కోసమే రాసినట్టున్న ఈ నిబంధన వారిలో ఎంతమందికి తెలుసో గేటు దగ్గర నేల మీద చున్నీ పరుచుకుని పడుకున్నవారిని చూస్తే అర్థమవుతుంది. విమానం రద్దయి, ఆ సంగతి ముందుగా చెప్పకపోతే, డబ్బు వాపసు గాని మరో విమానం గాని ఇవ్వడమే కాక ప్రయాణ సమయాన్ని బట్టి అయిదు వేలు, ఏడున్నర వేలు, పది వేల రూపాయల వరకు పరిహారం చెల్లించాలి. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం అంతకంటే తక్కువైతే ఆ మొత్తమే ఇస్తారు. టికెట్ ఉండీ సీటు లేదని ఆపేస్తే, ఇరవై నాలుగు గంటల్లో మరో విమానం చూపినప్పుడు పది వేల దాకా, ఆ గడువు దాటితే ఇరవై వేల దాకా పరిహారం ఉంటుంది. యుద్ధం, వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం వర్తించదు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్, కువైట్, యూఏఈ గగనతలాలు మూసివేసినప్పుడు నిలిచిపోయిన ప్రయాణాలు అలాంటివి.

ఈ నియమాలన్నిటి మధ్యలో ఒక చిన్న వాక్యం ఉంది. టికెట్ కొనేటప్పుడు తనను సంప్రదించడానికి తగిన వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం చెల్లించనక్కరలేదు. చదవగానే ఇందులో తప్పేమీ కనిపించదు. ఫోన్ నంబరు ఇవ్వనివారికి కబురు ఎలా చేరుస్తారు? అయితే కోనసీమ ప్రయాణికురాలి టికెట్ మీద ఉన్న పది అంకెల నంబరు ఏజెంటుది. వేళ మారిందన్న సందేశం ఆ నంబరుకు వెళ్తుంది. ఏజెంటు చూసుకోకపోతేనో, చూసీ చెప్పకపోతేనో, ఆమె అప్పటికే బస్సులో ఏలూరు దాటి ఉంటుంది. కౌంటరు దగ్గర వాదించబోతే ‘‘మెసేజ్ పంపాం కదా’’ అన్న జవాబు వస్తుంది, సంస్థ వైపు నుంచి అది అబద్ధం కాదు. డబ్బు వాపసు వచ్చినా ఏజెంటు ఖాతాకే చేరుతుంది. ఏజెంటు విమాన సంస్థకు ప్రతినిధి కనుక, ఏజెంటు ద్వారా కొన్న టికెట్ డబ్బు ప్రయాణికుడికి తిరిగి చేరేలా చూడవలసిన బాధ్యత సంస్థదేనని డీజీసీఏ నియమాలు స్పష్టంగా చెబుతున్నా, తన పేరు తప్ప తన నంబరు లేని టికెట్ పట్టుకుని ఆమె ఎవరిని అడగగలదు?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయినప్పుడు ఈ బలహీనత దేశమంతటా బయటపడింది. పైలట్ల విశ్రాంతి వేళలకు సంబంధించిన కొత్త నియమాలకు తగినంత సిబ్బంది సిద్ధంగా లేకపోవడంతో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. మధురపూడిలో ఎక్కువ సర్వీసులు ఆ సంస్థవే. ఒకే సంస్థ మీద ఆధారపడిన చిన్న విమానాశ్రయంలో విమానం రద్దయితే పక్క కౌంటరుకు వెళ్లి మరో టికెట్ కొనుక్కునే వీలు ఉండదు. అక్కడి నుంచి ముంబై చేరి గల్ఫ్ విమానం అందుకోవలసినవారికి, రెండు టికెట్లు విడివిడిగా కొని ఉంటే, రెండో విమానం తప్పిపోయినందుకు ఎవరూ బాధ్యత తీసుకోరు. ఒకే బుకింగ్ నంబరు కింద రెండు విమానాలూ ఉంటేనే మొదటి దాని ఆలస్యానికి రెండో దాన్ని సర్దుబాటు చేసే పూచీ సంస్థ మీద ఉంటుంది. నాలుగు వందలు తగ్గుతాయని విడి టికెట్లు కొనే ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయం మరో ముఖం చూపిస్తుంది. కన్వేయర్ బెల్టు మీద ఒకేలాంటి అట్టపెట్టెలు వరుసగా వస్తాయి. వాటి మీద నల్లటి మార్కరుతో పేరూ, ఊరూ, మండలమూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నాలుగు వైపులా రాసి ఉంటాయి. ఫిలిపినోలు ఇలాంటివాటినే బాలిక్‌బాయన్ పెట్టెలంటారు, స్వదేశానికి తిరిగొచ్చే పెట్టెలని. ఒక సంవత్సరానికి మించి విదేశంలో ఉండి వచ్చే స్త్రీ నలభై గ్రాములు, పురుషుడు ఇరవై గ్రాముల బంగారు నగలు సుంకం లేకుండా తెచ్చుకునే వీలు చట్టంలో ఉంది. తెలియక భయపడి దాచేవారికీ, తెలిసి ధైర్యంగా చూపించేవారికీ కస్టమ్స్ గేటు దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పెట్టె రాకపోతే లేదా పగిలి వస్తే ఏం చేయాలన్నది తప్పక తెలిసి ఉండాలి. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికలో భారతదేశం 2009లో చేరింది. గల్ఫ్ దేశాలూ ఫిలిప్పీన్సూ అందులో ఉన్నాయి. దాని ప్రకారం దెబ్బతిన్న సామాను గురించి ఏడు రోజుల్లో, ఆలస్యంగా చేరిన సామాను గురించి చేరిన నాటి నుంచి ఇరవై ఒక్క రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దావాకు గడువు రెండేళ్లు. ఇరవై ఒక్క రోజులు దాటినా రాని పెట్టె పోయినట్టే లెక్క. వీటన్నిటికీ ఆధారం ఒక్క కాగితం: బెల్టు దగ్గరే విమాన సంస్థ సిబ్బంది రాసి ఇవ్వవలసిన సామాను ఫిర్యాదు పత్రం. పీఐఆర్ అని అడిగితే వారికి అర్థమవుతుంది. ఆ కాగితం తీసుకోకుండా బయటికి వచ్చి కారెక్కినవారికి, రావులపాలెం చేరాక పెట్టె పగిలిన సంగతి తెలిస్తే, అది విమానంలోనే పగిలిందని నిరూపించడం కష్టం.

ఇంకొక గేటు ఉంది. అది టెర్మినల్ ముందు కాక కార్గో భవనం దగ్గర ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయినవారు ఆ గేటు గుండా ఇంటికి వస్తారు. మరణ ధ్రువపత్రం, దేహం చెడకుండా చేసిన శుద్ధి పత్రం, భారత రాయబార కార్యాలయపు అభ్యంతరం లేదన్న లేఖ, రద్దు చేసిన పాస్‌పోర్టు ఇవన్నీ ఉంటేనే పేటిక కదులుతుంది. ఈ కాగితాల కోసం రోజులు, ఒక్కోసారి వారాలు గడుస్తాయి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్ భవనంలో మంటలు రేగి నలభై అయిదుగురు భారతీయులు మరణించినప్పుడు, వారిలో ఆంధ్రప్రదేశ్‌వారు ముగ్గురు. వైమానిక దళ విమానం రెండు రోజుల్లోనే దేహాలను కొచ్చి చేర్చింది. ఒంటరిగా, ఒక ఇంటి వంటగదిలో గుండె ఆగి మరణించిన స్త్రీకి అంత వేగం దొరకదు. ఆంధ్రప్రదేశ్ ప్రవాస తెలుగువారి సంస్థ ఏపీఎన్ఆర్‌టీఎస్ విమానాశ్రయం నుంచి స్వగ్రామానికి ఉచిత అంబులెన్స్ ఏర్పాటు చేస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు, అడగవలసిన చోటు తెలిసిన ఇళ్లకు, అప్పు మీద అప్పు చేయకుండా కాపాడింది.

ఇక్కడ రాసినవేవీ కొత్త చట్టాలు కావు, కొత్తగా డబ్బు మంజూరు చేయవలసినవీ కావు. ఆలస్యానికి భోజనం, రాత్రికి గది, రద్దుకు పరిహారం, పగిలిన పెట్టెకు ఫిర్యాదు పత్రం, పది లక్షల బీమా అన్నీ ఇప్పటికే ఉన్నాయి. గల్ఫ్ వెళ్లేవారు బస్సెక్కే అంబాజీపేట, అమలాపురం, రాజోలు బస్టాండ్లలో ఇవన్నీ పెద్ద తెలుగు అక్షరాలతో ఒక పలక మీద రాయించి పెట్టడం జిల్లా యంత్రాంగం తలచుకుంటే వారం పని. శంషాబాదు, గన్నవరం విమానాశ్రయాల్లో గల్ఫ్ విమానాల వేళకు తెలుగు మాట్లాడే సహాయకులను కూర్చోబెట్టడం ఏపీఎన్ఆర్‌టీఎస్ వెంటనే చేపట్టవలసిన పని. అవి జరిగే లోపల, టికెట్ కొనేటప్పుడు ఏజెంటు బల్ల ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ, డబ్బు చేతిలో పెట్టే ముందు, తమ సొంత నంబరూ ఇంట్లో మరొకరి నంబరూ అందులో రాయించి, కళ్లారా చూసి, ఆ తర్వాతే కుర్చీలోంచి లేవాలి.